ఫ్రెంచ్ ఆబ్జెక్ట్ ప్రోనౌన్లు: ఇంగ్లిష్ దారి వదిలి తెలుగు దారిలో

ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్‌గా ఫ్రెంచ్ తీసుకున్నా, కెనడా పీఆర్ కోసం టీఈఎఫ్ అనే ఫ్రెంచ్ పరీక్ష రాస్తున్నా, మనకి ఫ్రెంచ్ వచ్చేది ఇంగ్లిష్ మీదుగానే. పుస్తకంలో ఇంగ్లిష్ వాక్యం ఉంటుంది, దాన్ని మార్చమంటారు. ఇంగ్లిష్, ఫ్రెంచ్ భాషలకి బోలెడు పదాలు ఉమ్మడిగా ఉన్నాయి కాబట్టి చాలా పాఠాల్లో అది పనికొస్తుంది. ఆబ్జెక్ట్ ప్రోనౌన్ల దగ్గరికి, అంటే 'అతన్ని', 'నాకు', 'దాన్ని' లాంటి మాటల దగ్గరికి వచ్చేసరికి మాత్రం అదే ఇంగ్లిష్ అడ్డం పడుతుంది.

ఎందుకంటే ఇంగ్లిష్‌లో ప్రోనౌన్ వెర్బ్ తర్వాత వస్తుంది, ఫ్రెంచ్‌లో ముందు వస్తుంది. పైగా 'అతన్ని' అన్నా 'అతనికి' అన్నా ఇంగ్లిష్‌కి 'హిమ్' ఒక్కటే. ఫ్రెంచ్‌కి రెండు వేరు మాటలున్నాయి. ఈ రెండు విషయాల్లోనూ తెలుగు ఫ్రెంచ్ పక్షమే. కాబట్టి ఈ ఒక్క పాఠానికి ఇంగ్లిష్‌ని పక్కన పెట్టి, తెలుగు వాక్యం నుంచి నేరుగా ఫ్రెంచ్‌లోకి వెళ్లడం తేలిక. తెలుగు ఎక్కడ దారి తప్పిస్తుందో కూడా చెప్తాను.

ముందుగా రాత సంగతి. ఫ్రెంచ్ మాటల్ని పలికే తీరులోనే తెలుగులో రాస్తున్నాను. పలకని అక్షరాలు వదిలేశాను. అరసున్న ఉన్నచోట గాలి కాస్త ముక్కులోంచి పోవాలి. స్పెల్లింగ్ మీ పుస్తకంలో చూసుకోండి. ఇక్కడ చెవికి, నోటికి మాత్రమే పని.

మొదటి మెట్టు: మాటల్ని 'ని'గా, 'కి'గా విడదీయండి

డైరెక్ట్ ఆబ్జెక్ట్, ఇన్‌డైరెక్ట్ ఆబ్జెక్ట్ అనే పేర్లు చూసి టెన్షన్ పడక్కర్లేదు. డైరెక్ట్ అంటే మన 'ని, ను'. ఇన్‌డైరెక్ట్ అంటే మన 'కి, కు'. బళ్లో 'నిన్ నున్ లన్' అంటూ వల్లె వేసిన విభక్తుల పేర్లేవీ గుర్తుండక్కర్లేదు, ఆ రెండు ప్రత్యయాలు చెవిన పడితే చాలు.

అతన్ని అంటే 'ల'. ఆమెని అంటే 'లా'. వాళ్లని, వాటిని అంటే 'లే'. వెర్బ్ అచ్చుతో మొదలైతే 'ల', 'లా' రెండూ కుదించుకుపోయి ఒట్టి 'ల్' మిగులుతుంది.

అతనికి, ఆమెకి రెండూ 'లుయి'. వాళ్లకి 'లర్'.

నన్ను, నాకు రెండూ 'మ'. నిన్ను, నీకు రెండూ 'త'. మమ్మల్ని, మాకు, మనల్ని, మనకి అన్నీ 'నూ'. మిమ్మల్ని, మీకు 'వూ'. అంటే 'ని'యా 'కి'యా అన్న తర్జనభర్జన అతను, ఆమె, వాళ్లు అన్నచోటే ఉంది. నేను, నువ్వు దగ్గర ఏదనుకున్నా తప్పు పోదు.

ఇక్కడ మూడు చిక్కులు. 'లుయి' మగవాళ్లకే అనుకుని ఆడవాళ్ల విషయంలో 'లా' వాడేస్తారు చాలామంది. వెర్బ్ ముందు వచ్చే 'లుయి'కి ఆడా మగా తేడా లేదు. అదే 'లుయి' ప్రిపొజిషన్ తర్వాత వస్తే మాత్రం మగవాడే: 'ఆవెక్ లుయి' అంటే అతనితో, 'ఆవెక్ ఎల్' అంటే ఆమెతో.

రెండోది మన 'దాన్ని'. ఫ్రెంచ్‌లో ప్రతి వస్తువుకీ లింగం ఉంటుంది కాబట్టి పుస్తకమైతే 'ల', తాళంచెవి అయితే 'లా'. దీనికి తెలుగూ సాయపడదు, ఇంగ్లిష్ 'ఇట్' కూడా సాయపడదు. నామవాచకం నేర్చుకున్న రోజే దాని లింగం కూడా నేర్చుకోవాలి, వేరే మార్గం లేదు.

మూడోది మన మర్యాద. నువ్వు, మీరు తేడా ఫ్రెంచ్‌లోనూ ఉంది కాబట్టి 'త' ఎక్కడ, 'వూ' ఎక్కడ అన్నది ఇంగ్లిష్ వాళ్లకన్నా మనకే బాగా తెలుసు. అత్తగారికైనా ఆఫీసరుకైనా 'జ వూ తేలేఫోన్' అనాలి, మీకు ఫోన్ చేస్తాను అని. కానీ ఆ మర్యాద ఎదుటి మనిషి వరకే. వాడిని, అతన్ని, ఆయన్ని అన్న మూడు మెట్లు ఫ్రెంచ్‌లో లేవు, అన్నీ 'ల'. తాతగారి గురించి చెప్తూ 'వారికి చెప్పాను' అనుకుని 'లర్' వాడితే, వినేవాడు ఇద్దరు ముగ్గురు తాతలున్నారనుకుంటాడు.

రెండో మెట్టు: వెర్బ్‌కి ముందు పెట్టండి

'నేను అతన్ని చూస్తున్నాను.' ఇంగ్లిష్‌లో 'ఐ సీ హిమ్'. ఫ్రెంచ్‌లో 'జ ల వ్వా'. ఫ్రెంచ్ వాక్యాన్ని ముక్కలు చేసి చూడండి: జ అంటే నేను, ల అంటే అతన్ని, వ్వా అంటే చూస్తున్నాను. తెలుగు వరుస యథాతథంగా దిగింది. 'ఈల్ మ ల దోన్' అన్నది ఇంకా ముచ్చటగా ఉంటుంది: అతను, నాకు, దాన్ని, ఇస్తాడు.

ఇది ప్రోనౌన్ల వరకే చెల్లుతుంది సుమా. పేరు చెప్తే ఫ్రెంచ్ కూడా ఇంగ్లిష్ లాగే వెర్బ్ తర్వాతే పెడుతుంది: 'జ వ్వా రవీ'. తెలుగు వరుస ఒంటబట్టాక 'జ రవీ వ్వా' అనాలనిపిస్తుంది, అనకండి.

మూడో మెట్టు: ఏ వెర్బ్‌కి ఏది

అసలు కష్టం ఇక్కడే. కాస్త తీరిగ్గా చూద్దాం.

వెయ్యేళ్ల కిందటి ఇంగ్లిష్‌లో 'అతన్ని' అనడానికి 'హినే', 'అతనికి' అనడానికి 'హిమ్' అని వేర్వేరుగా ఉండేవి. తర్వాత మొదటిది పోయి, రెండోదే రెండు పనులూ చేస్తోంది. అందుకే ఇంగ్లిష్ వాక్యాన్ని ఎంతసేపు చూసినా 'ల' పెట్టాలో 'లుయి' పెట్టాలో తేలదు. తెలుగులో చెప్పుకుంటే చాలాసార్లు వెంటనే తేలిపోతుంది.

అతనికి చెప్పాను, ఇచ్చాను, రాశాను, చూపించాను, ఫోన్ చేశాను, జవాబిచ్చాను, అనుమతి ఇచ్చాను. అన్నీ 'కి', ఫ్రెంచ్‌లోనూ అన్నీ 'లుయి'. వీటిలో ఫోన్, జవాబు, అనుమతి దగ్గర ఇంగ్లిష్‌ని నమ్ముకున్నవాళ్లు తప్పకుండా 'ల' అంటారు.

పిలవడం, ఫోన్ చేయడం అనే జంటని గమనించండి. 'అతన్ని పిలుస్తాను' అంటే 'జ లాపెల్'. 'అతనికి ఫోన్ చేస్తాను' అంటే 'జ లుయి తేలేఫోన్'. ఫ్రెంచ్ వాళ్లు ఫోన్‌లో పిలవడానికి ఈ రెండు వెర్బులూ వాడతారు, కానీ మొదటిది ఎప్పుడూ 'ని'నే తీసుకుంటుంది, రెండోది ఎప్పుడూ 'కి'నే. అచ్చం మనలాగే.

ఇంగ్లిష్‌కి అసలు అందనివి మూడున్నాయి. 'సా మ ప్లే', ఇది నాకు నచ్చుతుంది. 'త్యు మ మాఁక్', నువ్వు నాకు గుర్తొస్తున్నావు, నువ్వు లేని వెలితి తెలుస్తోంది అని. 'ఈల్ మ ఫో అఁ కాఫే', నాకు ఒక కాఫీ కావాలి. ఇంగ్లిష్ వాక్యంలో 'నేను' కర్తగా కూర్చుంటుంది కాబట్టి అటునుంచి వచ్చినవాళ్లు వీటిని తలకిందులు చేస్తారు. మనకి 'నాకు' అనడం పుట్టుకతో వచ్చిన అలవాటే. అలాగని అన్నిచోట్లా పని చేయదు: 'నాకు ఒక అన్న ఉన్నాడు' అన్నది ఫ్రెంచ్‌లో 'జే అఁ ఫ్రేర్', ఇంగ్లిష్ తరహాలోనే.

ఇక తెలుగు దారి తప్పించేవి. అతనికి సాయం చేస్తాను, థాంక్స్ చెప్తాను, నమస్కారం పెడతాను. మనకి అన్నీ 'కి'. ఫ్రెంచ్‌లో ఎదే, రమెర్స్యే, సాల్యుయే అనే ఈ మూడు వెర్బులూ 'ని' తీసుకుంటాయి: 'జ లెద్', 'జ ల రమెర్సీ', 'జ ల సాల్యు'. కారణం గట్టిగా ఆలోచిస్తే దొరుకుతుంది. తెలుగులో సాయం అనే నామవాచకానికి చేయడం తగిలించాం. 'ని' స్థానం ఆ సాయమే ఆక్రమించింది కాబట్టి మనిషికి 'కి' మిగిలింది. ఫ్రెంచ్‌లో అది ఒకే వెర్బ్, 'ని' స్థానం ఖాళీగా ఉంది, మనిషి అందులో కూర్చున్నాడు.

ఇదే సూత్రం తిరగేసినా పని చేస్తుంది. తెలుగులో 'నమ్ముతాను' ఒకే క్రియ, అందుకే అతన్ని నమ్ముతాను. ఫ్రెంచ్‌లో నమ్మకం ఉంచడానికి 'ఫేర్ కోఁఫ్యాఁస్' అని నామవాచకంతో కట్టిన మాట ఉంది, అందుకే 'జ లుయి ఫే కోఁఫ్యాఁస్'. చూడ్డానికి వెళ్లడం, భయపెట్టడం, నొప్పి కలిగించడం ఫ్రెంచ్‌లో ఇలా కట్టినవే, అన్నిటికీ 'లుయి'. కొత్త వెర్బ్ తగిలినప్పుడు దాని లోపల నామవాచకం దాగుందేమో చూడటం నాకు తెలిసినంతలో మంచి చిట్కా.

'కోసం' ఇంకో ఉచ్చు. ఆమె కోసం ఎదురుచూస్తున్నాను అన్నది ఫ్రెంచ్‌లో 'జ లాతాఁ', 'కోసం' లేదు. ఆమె మాట వింటున్నాను అన్నది 'జ లేకూత్'. దాని కోసం వెతుకుతున్నాను అన్నది 'జ ల షెర్ష్'. ఈ మూడింటి దగ్గరా ఇంగ్లిష్ కూడా ప్రిపొజిషన్ పెట్టి మోసం చేస్తుంది కాబట్టి కంఠస్థం చేయాల్సిందే.

చివరగా, మనకి 'ని' ఉండి ఫ్రెంచ్‌కి 'కి' ఉన్నవి: అడగడం, క్షమించడం, పోలి ఉండటం. 'జ లుయి దమాఁద్ ల ప్రీ' అంటే అతన్ని ధర అడుగుతున్నాను. అడిగిన విషయం 'ని', అడిగిన మనిషి 'కి' అని ఫ్రెంచ్ లెక్క. పరీక్ష పేపర్లు దిద్దేవాళ్ల ఎర్ర ఇంకు ఎక్కువగా ఖర్చయ్యేది ఈ అడగడం మీదే.

నాలుగో మెట్టు: మింగేయకండి

'పుస్తకం చదివావా?' అంటే మనం 'చదివాను' అంటాం. 'దాన్ని చదివాను' అనం. తెలుగులో ఆబ్జెక్ట్‌ని మింగేయడం సహజం, మింగకపోతేనే కృతకంగా ఉంటుంది. ఫ్రెంచ్‌లో ఆ 'దాన్ని' బయటికి రావాలి: 'జ లే ల్యు'. ఒట్టి 'జే ల్యు' అంటే ఏదో చదువుతూ కూర్చున్నాను అన్నట్టు మిగిలిపోతుంది. ఇక్కడ ఇంగ్లిష్ మనకన్నా నయం, 'ఇట్' అని పెట్టిస్తుంది. తెలుగు నుంచి వెళ్లేటప్పుడు ముందు తెలుగు వాక్యంలోనే 'దాన్ని' పెట్టి కృతకంగా చెప్పుకోండి, తర్వాత ఫ్రెంచ్‌లోకి మార్చండి.

ఐదో మెట్టు: ఈ, ఆఁ

చూడ్డానికి చిన్నవి. ఇంగ్లిష్‌లో వీటికి సరిజోడు లేదు.

'ఈ' అంటే అక్కడ, అక్కడికి. 'జీ వే', అక్కడికి వెళ్తున్నాను. 'ఓఁ నీ వా', పద వెళ్దాం. ఫ్రెంచ్ సినిమా చూసినవాళ్లకి ఇది తెలిసే ఉంటుంది. భవిష్యత్తులో మాత్రం 'జీరే' అనాలి. ఆ వెర్బ్ 'ఈ'తోనే మొదలవుతుంది కాబట్టి రెండు 'ఈ'లు పక్కపక్కన పెట్టరు.

చోటుకే కాదు, వస్తువుకి 'కి' తగిలినా 'ఈ'నే. మనిషికి జవాబిస్తే 'జ లుయి రేపోఁ', ఉత్తరానికి జవాబిస్తే 'జీ రేపోఁ'. 'దాని గురించి ఆలోచిస్తున్నాను' కూడా 'జీ పాఁస్'. ఆమె గురించి ఆలోచిస్తుంటే మాత్రం ప్రోనౌన్ వెర్బ్ వెనక్కి వెళ్తుంది: 'జ పాఁస్ ఆ ఎల్'.

'ఆఁ' లెక్కలకి సంబంధించింది. 'అన్నదమ్ములున్నారా?' 'ముగ్గురున్నారు.' ఫ్రెంచ్ జవాబు 'జాఁనే త్ర్వా'. ఆ 'ఆఁ' అంటే 'వాళ్లలో' అని. తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ అంకె చెప్పి ఊరుకుంటాం, ఫ్రెంచ్‌లో అంకె ముందు వెర్బ్, వెర్బ్ ముందు 'ఆఁ' ఉండి తీరాలి. అంకె లేకపోయినా సరే: 'అన్నం ఉందా?' 'ఉంది' అనడానికి 'ఈ ల్యాఁ నా'. బజార్లో బేరమాడేటప్పుడు రోజుకి పదిసార్లు వచ్చే మాట ఇది. 'దాని గురించి మాట్లాడుతున్నాను' అన్నది కూడా 'జాఁ పార్ల్'. పాపం ఈ 'దాని గురించి' ఆలోచిస్తే 'ఈ', మాట్లాడితే 'ఆఁ'.

ఆరో మెట్టు: భూతకాలం

'తాళంచెవి ఎక్కడ పెట్టావు?' 'టేబుల్ మీద పెట్టాను.' ఈ రెండో వాక్యాన్ని ఫ్రెంచ్‌లోకి తెద్దాం.

ముందు మింగేసింది బయటికి తీయాలి: టేబుల్ మీద దాన్ని పెట్టాను. తాళంచెవి ఫ్రెంచ్‌లో స్త్రీలింగం, కాబట్టి 'లా'. భూతకాలంలో వెర్బ్ రెండు ముక్కలు: 'జే' (నేను కలిగి ఉన్నాను), 'మీ' (పెట్టిన). ప్రోనౌన్ మొదటి ముక్క ముందు చేరుతుంది. ఆ ముక్క అచ్చుతో మొదలవుతుంది కాబట్టి 'లా' కుదించుకుని 'ల్' అవుతుంది: 'జ లే'. లింగం మాయమైందనుకునేలోపు అది వాక్యం చివర తేలుతుంది. ముందొచ్చిన డైరెక్ట్ ఆబ్జెక్ట్ స్త్రీలింగం కాబట్టి 'మీ' కాస్తా 'మీజ్' అవుతుంది. 'జ లే మీజ్ స్యుర్ లా తాబ్ల్.' అదే పుస్తకమైతే 'జ లే మీ స్యుర్ లా తాబ్ల్.'

ఈ నియమాన్ని 16వ శతాబ్దపు కవి క్లెమాఁ మారో ఇటాలియన్ చూసి ప్రచారంలో పెట్టాడని చెప్తారు. అప్పటినుంచీ ఫ్రెంచ్ పిల్లలు అతన్ని తిట్టుకుంటూనే ఉన్నారు. ఊరట ఏమిటంటే చాలా వెర్బుల్లో ఆ మార్పు రాతలోనే కనిపిస్తుంది, చెవికి వినపడదు. 'లుయి', 'లర్', 'ఆఁ' ముందొస్తే మార్పే లేదు.

చెవికి ఇంకో పరీక్ష: 'జ లే వ్యు' అంటే అతన్ని (లేదా ఆమెని) చూశాను, 'జ లేజే వ్యు' అంటే వాళ్లని చూశాను. మధ్యలో ఆ ఒక్క 'జే' ముక్కే తేడా. డెల్ఫ్ లాంటి పరీక్షల్లో ఆడియో వినేటప్పుడు దీన్ని పట్టుకోవాలి.

ఏడో మెట్టు: రెండు వెర్బులు, కాదనడం, ఆజ్ఞ

ఇవి త్వరగా అయిపోతాయి. రెండు వెర్బులుంటే ప్రోనౌన్ ఎవరిదో వాళ్ల పక్కనే: 'జ వే ల వ్వార్', అతన్ని చూడబోతున్నాను. చూసేది అతన్నే కాబట్టి 'వ్వార్' పక్కన. చేయించే 'ఫేర్' మాత్రం వేరు: 'జ ల ఫే వనీర్', అతన్ని రప్పిస్తాను. మనకి 'రప్పించు' ఒకే క్రియ అయినట్టే ఫ్రెంచ్ కూడా ఆ రెండింటినీ ఒకటిగానే చూస్తుంది.

కాదన్నప్పుడు 'న', 'పా' రెండూ ప్రోనౌన్‌ని, వెర్బ్‌ని కలిపి చుట్టేస్తాయి: 'జ న ల వ్వా పా'. మాటల్లో 'న' ఎగిరిపోతుంది, 'జ లే పా వ్యు' అంటారు. పరీక్షలో రాసేటప్పుడు మాత్రం 'న' ఉండాలి.

ఫ్రెంచ్‌లో ప్రోనౌన్ వెర్బ్ వెనక్కి పోయేది ఆజ్ఞలో. 'రగార్ద్-లా', ఆమెని చూడు. 'మ' అయితే 'మ్వా' అవుతుంది: 'ఆతాఁ-మ్వా', నా కోసం ఆగు. వద్దని చెప్పేటప్పుడు మళ్లీ ముందుకి: 'న లా రగార్ద్ పా'. మనం కోపంగా ఉన్నప్పుడు 'ఇవ్వు నాకు' అని వెనక్కి తోస్తాం కదా, ఆ స్వరంలో చదువుకుంటే ఆజ్ఞ వరుస గుర్తుంటుంది.

ఎనిమిదో మెట్టు: రెండు ప్రోనౌన్లు కలిసొస్తే

వరుస ఇది: మ, త, నూ, వూ ముందు. తర్వాత ల, లా, లే. తర్వాత లుయి, లర్. ఆ తర్వాత ఈ. ఆఖరున ఆఁ. 'ఈల్ మ ల దోన్', 'జ ల లుయి దోన్'. నాకు, నీకు అయితే దాన్ని కన్నా ముందు. అతనికి అయితే దాన్ని తర్వాత. తెలుగులో ఎటు తిప్పినా చెల్లుతుంది, ఇక్కడ చెల్లదు.

'మ', 'లుయి' పక్కపక్కన ఎప్పుడూ కూర్చోవు. నన్ను అతనికి పరిచయం చేస్తావు అనాలంటే 'త్యు మ ప్రేజాఁత్ ఆ లుయి' అని రెండోదాన్ని వెనక్కి పంపాలి.

ఆజ్ఞలో వరుస మారుతుంది: 'దోన్-ల-మ్వా', దాన్ని నాకివ్వు. కెనడాలో ఫ్రెంచ్ మాట్లాడే క్యుబెక్‌లో 'దోన్-మ్వా-ల' అని కూడా వినిపిస్తుంది, కంగారు పడకండి. ఫ్రాన్స్‌లో కూడా మాటల్లో 'జ ల లుయి' అన్నచోట 'ల' మింగేసి 'జ లుయి' అనేస్తారు. అక్కడికి మన అలవాటే వాళ్లకీ ఉందన్నమాట, కానీ ఆ స్వేచ్ఛ మీరు కాస్త కుదురుకున్నాక తీసుకోండి.

చేసి చూడండి

కింది వాక్యాలకి ముందు మీ జవాబు పైకి అనుకోండి, తర్వాత పక్కనున్నది చదవండి.

నీకు ఫోన్ చేస్తాను: జ త తేలేఫోన్.
వాళ్లకి సాయం చేస్తున్నాను: జ లేజెద్. 'లర్' అన్నారంటే మూడో మెట్టు మళ్లీ చదవాలి.
ఆమెని అడుగుతున్నాను: జ లుయి దమాఁద్.
బస్సా? ఎదురుచూస్తున్నాను: జ లాతాఁ.
మూడు తీసుకుంటాను: జాఁ ప్రాఁ త్ర్వా.
దాన్ని నాకు చూపించు: మోఁత్ర్-ల-మ్వా. వస్తువు స్త్రీలింగమైతే మోఁత్ర్-లా-మ్వా.
మేం ఆయన్ని చూడలేదు: నూ న లావోఁ పా వ్యు.

ఏడూ సరిగ్గా వస్తే, ఈ రోజు ఇంట్లో విన్న ఏదైనా సంభాషణ తీసుకుని, అందులో మింగేసిన 'దాన్ని', 'వాళ్లకి', 'అక్కడికి' అన్నీ వెనక్కి పెట్టి, ఇలాగే మార్చుతూ పోండి. వంటింటి మాటలు దీనికి బాగా పనికొస్తాయి, మనం ఆబ్జెక్ట్‌లు ఎక్కువగా మింగేది అక్కడే.